పూర్ణచంద్రరావుగారికి పడని గాలి

పూర్ణచంద్రరావుగారు కూర్చున్న చోట కూర్చోరు. ఇదేదో కిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. గుడివాడలో ఎవర్ని అడిగినా చెబుతారు.

ఎక్కడికెళ్ళినా ముందు బుద్ధిగానే కూర్చుంటారు. కాసేపయ్యాక భుజం మీది తువ్వాలు తీసి, కొసని రెండు వేళ్ళతో పట్టుకుని మొహం ముందు వేలాడదీస్తారు. అది ఎటు కదులుతుందో కళ్ళు చికిలించి చూస్తారు. చూసి, పెదవి విరిచి, "అబ్బే, ఇక్కడ గాలి బాగాలేదండీ. ఇంకో చోటు చూద్దాం" అని లేస్తారు. ఇంకో మూలకి వెళ్ళి అక్కడ మళ్ళీ తువ్వాలు తీస్తారు. సినిమా హాల్లో ఇంటర్వెల్ దాకా ఒక వరస, ఇంటర్వెల్ తర్వాత ఇంకో వరస. డాక్టరుగారి వరండాలో ఆయన కూర్చోని బల్ల లేదు, కుదురుగా కూర్చున్న బల్లా లేదు.

సెలూన్ జీవానందం అయితే వచ్చిన ప్రతివాడికీ కత్తెర ఆడిస్తూ ఈ కథే చెప్పేవాడు. "కుడిచెంప గీశానండీ. ఎడంచెంపకి సబ్బు పూశాను. అంతే, లేచారు! 'జీవానందం, ఈ కుర్చీలో గాలి బాగాలేదోయ్' అని పక్క కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోందండీ! ఆ పక్క కుర్చీకి అసలు ఫ్యానే లేదు! ఒక చెంప ఒక కుర్చీలో, రెండో చెంప రెండో కుర్చీలో గీయించుకున్న మనిషిని నా సర్వీసులో ఈయన్నొక్కర్నే చూశాను."

ఇంతకీ ఈ పెద్దమనిషి ఉద్యోగం ఏమిటనుకున్నారు? గాలి చూడడం. నవ్వకండి, నిజమే చెబుతున్నా. గాలి చూసి, గాలిమర ఎక్కడ పాతాలో చోటు చెప్పడం. అందుకు నెలనెలా జీతం కూడా ఇచ్చేవారు.

అప్పటికి అనంతపురం వైపు కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. గాల్లోంచి కూడా కరెంటు పుడుతుందని జనం నమ్మడం మొదలుపెట్టారు. హైదరాబాదులో ఒక కంపెనీ పెద్దాయన కాంతారావుగారికి, కృష్ణా జిల్లాలో కూడా మరలు తిప్పాలని బుద్ధి పుట్టింది. ఈ జిల్లాలో గాలికి లోటు లేదు, చోటుకే లోటు. గజం నేల కనపడితే వరి నాటుతారు, వరి పండకపోతే రొయ్యల చెరువు తవ్వుతారు. నాగాయలంక దగ్గర ఒక రైతుని మర పాతుకోవడానికి కాస్త స్థలం అడిగితే, "కాస్తా? ఆ కాస్తలో ఎన్ని రొయ్యలు పెరుగుతాయో తెలుసా మీకు?" అని మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించాడట. పోనీ పాలకాయతిప్ప దగ్గర సముద్రంలో పాతుదామా అంటే, తుఫాను అనే మాట వినగానే ఇంజనీర్లకి చెమటలు పట్టాయి.

చివరికి కాంతారావుగారు మ్యాపు మీద వేలు పెట్టి, "కొల్లేరు!" అన్నారు. "లోతు తక్కువ. కనుచూపుమేర వెడల్పు. చెట్టూ పుట్టా అడ్డం లేవు. పైగా నీళ్ళు ఎవరివీ కావు. అడ్డంపడేవాడే ఉండడు." అన్నీ సరైన మాటలే, ఆ ఆఖరిది తప్ప.

అలా గుడివాడలో ఒక ఎరువుల కొట్టు మేడమీద ఆఫీసు తెరిచారు. ముందే మరలు పెట్టరు. మొదట కొల్లేట్లో మంచి చోటు చూసి, ఒక పొడుగాటి ఇనప స్తంభం పాతి, దాని నెత్తిన గాలి కొలిచే మీటర్లు బిగించి ఏడాది పొడుగునా కొలవాలి. గాలి ఎంత, నీళ్ళ లోతెంత, అడుగున బురద ఎంత, దాని కింద గట్టినేల ఎంత, పడవల దారి ఏది, కొంగలు వాలే చోటేది, ఒడ్డు నుంచి తీగ ఎంత దూరం లాగాలి, ఇవన్నీ చూసి ఆ చోటు తేల్చాల్సినవారు పూర్ణచంద్రరావుగారు. గాలిలో దీపం పెట్టడం అంటే ఇదే.

హిమబిందు ఆ ఆఫీసులో చేరింది వానలు వెనకపట్టిన రోజుల్లో. బందరమ్మాయి. ఇంజనీరింగు పూర్తయి ఏడాదైనా ఎక్కడా ఉద్యోగం దొరక్క, గాలి కొలిచే ఉద్యోగమైనా మహాప్రసాదం అనుకుని వచ్చింది. వాళ్ళ నాన్న చిలకలపూడి కవరింగు నగలు చేసే కొట్లో పనివాడు. ఆ కొట్లో పని తగ్గిపోయి, ఇల్లు గడవడం ఇప్పుడు ఈ పిల్ల జీతం మీద పడింది. ఉద్యోగం చూస్తే టెంపరరీ. కాంతారావుగారు ఇంటర్వ్యూలోనే చెప్పేశారు. "చూడమ్మా, జూన్‌లో పడమటి గాలి మొదలయ్యేలోపు స్తంభం లేవాలి. లేస్తే నీ ఉద్యోగం పర్మినెంటు. లేవకపోతే ఆఫీసే ఎత్తేస్తాం. శివరాత్రికల్లా చోటు తేలాలి."

"తేలుతుంది సార్" అంది హిమబిందు. అప్పటికింకా ఆవిడ పూర్ణచంద్రరావుగారిని చూడలేదు.

మొదటిరోజు ఆఫీసులోకి అడుగుపెట్టేసరికి ఆయన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఈ అమ్మాయిని చూశారు. బందరు నుంచి పాసింజరులో నిలబడి వచ్చి, మొహమంతా చెమటతో, చీర కుచ్చిళ్ళు నలిగిపోయి ఉంది. ఆయన తువ్వాలు తీశారు.

"అమ్మాయ్, ఇక్కడ గాలి బాగాలేదు. నాకు పడదు. ఈ బల్ల నువ్వు తీసుకో" అని ఫైళ్ళు చంకన పెట్టుకుని, బీరువా వెనక చీకటి మూలకి వెళ్ళిపోయారు.

హిమబిందుకి ఒళ్ళు మండింది. 'కొత్తగా వచ్చానని పనికిరాని బల్ల నా నెత్తిన రుద్దుతాడా!' అనుకుంటూ కూర్చుంది. కూర్చోగానే కిటికీలోంచి పెద్దకాలవ మీదుగా చల్లటి గాలి తెరలు తెరలుగా వచ్చి మొహానికి తగిలింది. అరగంటలో చీర ఆరిపోయింది. బీరువా వెనక పూర్ణచంద్రరావుగారు ఫైలు అట్టతో విసురుకుంటున్నారు.

అటెండరు కొండయ్యని పక్కకి పిలిచింది. "కొండయ్యగారూ, ఈయనకి గాలి సంగతి నిజంగా తెలుసా?"

"ఏవోనమ్మా. నేను చేరినకాడి నుంచి ఈ బల్లలు మొయ్యడమే సరిపోతంది" అన్నాడు కొండయ్య నడుం పట్టుకుని. "కాలుగాలిన పిల్లి నయం. అది బల్లలు మార్చమని అడగదు."

అసలే కుతూహలం ఎక్కువున్న పిల్ల. ఆఫీసులో చేత్తో పట్టుకునే చిన్న గాలిమీటరు ఒకటుంది. నాలుగు గిన్నెలు గుండ్రంగా తిరుగుతాయి, కింద అంకె పడుతుంది. అది హేండ్‌బ్యాగులో వేసుకుని ఆయన వెనకాలే తిరగడం మొదలుపెట్టింది.

కైకలూరు వెళ్ళే పాసింజరులో ఆయనకి కిటికీ సీటు దొరికింది. మండవల్లి దాటకముందే తువ్వాలు బయటికొచ్చింది. "బాగాలేదమ్మాయ్" అని లేచి, వెళ్ళి వెళ్ళి లెట్రిన్ తలుపు పక్కన నిలబడ్డారు. "అక్కడ గాలి బాగుందా సార్?" అని ముక్కు మూసుకుని అడిగింది. "గాలిలో రకాలుంటాయి అమ్మాయ్" అన్నారాయన గంభీరంగా. ఆ ఖాళీ సీట్లో ఎవరో చంటిపిల్ల తల్లి చతికిలబడింది. హిమబిందు కిటికీ దగ్గరకి చెయ్యి చాచి మీటరు పెట్టింది. గిన్నెలు కనపడనంత జోరుగా తిరిగాయి.

కొండయ్య కూతురి పెళ్ళి అవనిగడ్డలో జరిగింది. మొదటి బంతిలో, నిలువు ఫ్యాను ఎదురుగా, పూర్ణచంద్రరావుగారికి పెద్దపీట వేశారు. విస్తరి వేశారు, నీళ్ళు చల్లారు, గుత్తివంకాయ వడ్డించేవాడు గరిటె ఎత్తాడు. ఆయన తువ్వాలు ఎత్తారు. కొండయ్య పరుగెత్తుకొచ్చి, "అయ్యా, అయ్యా, విస్తరి ముందు నుంచి లేవకండి, అశుభం!" అని బతిమాలాడు. "ఇంకా వడ్డించలేదుగా, అప్పుడే అశుభమేమిటోయ్" అని లేచి, గాడిపొయ్యిల పొగలోకి వెళ్ళి నిలబడ్డారు. ఫ్యాను ఎదురుగా పెళ్ళివారి తరఫు ముసలాయనెవరో చేతికర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. పూర్ణచంద్రరావుగారు ఆఖరి బంతిలో వంటవాళ్ళతో పాటు అడుగంటిన పులిహోర తిన్నారు. అదీ రెండు చోట్ల.

హిమబిందు మీటరు ఎక్కడ పెట్టినా ఒకటే ఫలితం. ఆయన బాగాలేదన్న చోట గిన్నెలు గిర్రున తిరుగుతాయి. ఆయన ఫరవాలేదన్న చోట కునుకు తీస్తాయి. ఒక రాత్రి బందరులో అన్నం తింటూ వాళ్ళమ్మ సీతామహాలక్ష్మితో గోల పెట్టింది.

"అమ్మా, ఆయనకి గాలి తలకిందులుగా తెలుస్తోందే! ఈయన చోటు చూపించేదీ లేదు, నా ఉద్యోగం ఉండేదీ లేదు."

సీతామహాలక్ష్మి మజ్జిగ పోస్తూ ఆలోచించింది. "ఎప్పుడూ తలకిందులేనా? ఒక్కోసారి సరిగ్గా చెబుతాడా?"

"ఎప్పుడూ తలకిందులే."

"అయితే ఇంకేం కావాలే? ఆయన గట్టిగా వద్దన్న చోటు తీసుకో. తప్పు చెప్పినా ఎప్పుడూ ఒకలాగే చెప్పేవాడు దొరకడం అదృష్టం. మీ నాన్నకి అది కూడా లేదు."

హిమబిందు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఇంజనీరింగులో నాలుగేళ్ళు చదివినా ఇంత చక్కటి సూత్రం ఎవరూ చెప్పలేదు.

మర్నాటి నుంచి కొల్లేట్లో ఆవిడ వెతికింది గాలి కోసం కాదు, పూర్ణచంద్రరావుగారి పెదవి విరుపు కోసం. పడవ నడిపే దుర్గారావు కొంగలంక మనిషి. ఆ లంక ఊరు కొల్లేటి నడుమ దిబ్బమీద ఉంటుంది. పూర్ణచంద్రరావుగారు ఒక చోట "ఫరవాలేదు, కానీ బురద ఎక్కువ" అనేవారు. ఇంకో చోట "ఫరవాలేదు, కానీ కొంగలు గుడ్లు పెట్టే చోటు" అనేవారు. మరో చోట "ఫరవాలేదు, కానీ తూడు కలుపు పేరుకుంటుంది" అనేవారు. ఇవన్నీ సబబుగానే ఉండేవి. కానీ మూడుపాయల మలుపు దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఆయన తీరే మారిపోయేది.

మూడు పాయలు కలిసే చోటు అది. తూడు లేదు, గుర్రపుడెక్క లేదు. గెడ వేస్తే చారెడు బురద కిందే గట్టినేల ఖణేలుమనేది. పడమటి నుంచి వచ్చే గాలికి అడ్డం అంటూ ఏదీ లేదు. నీళ్ళల్లో ఒక పక్కగా వెదురు తడికలు, వలలు కట్టి ఉన్నాయి. అక్కడ ఆయన తువ్వాలు తియ్యగానే అది జెండాలాగా నిటారుగా ఎగిరింది.

"అబ్బే, బాగాలేదు. ఇంకో చోటు చూద్దాం."

"అయ్యగారూ! తువ్వాలు చేతిలో నిలబడట్లేదండీ!" అన్నాడు దుర్గారావు, ఉండబట్టలేక.

"అదేనోయ్ నేననేది. పొగరుగాలి. నిలకడ లేదు."

ఆ మాట పూర్తవకుండానే తువ్వాలు ఎగిరి నీళ్ళల్లో పడింది. దుర్గారావు గెడతో పైకి తీసి ఇచ్చాడు. ఆయన దాన్ని పిండుకుంటూ, "చూశావా? మంచి గాలైతే ఇలా చేస్తుందా?" అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనుషులుంటారు గానీ, ఈయన కుందేలుకి అసలు కాళ్ళే లేవు. హిమబిందు మాత్రం లోపల్లోపల పండగ చేసుకుంది. ఇంత గట్టిగా ఆయన ఏ చోటునీ వద్దనలేదు. అమ్మ సూత్రం ప్రకారం కొల్లేరు మొత్తానికి ఇదే చోటు.

శివరాత్రి వచ్చింది, వెళ్ళింది. చోటు తేలలేదు. కాంతారావుగారు ఫోన్ చేశారు. ఫోన్లోంచి వచ్చిన కేకకి కొండయ్య కూడా లేచి నిలబడ్డాడు. "సోమవారం నేనే వస్తున్నా! చోటు చూపించారా సరే. లేకపోతే ఆఫీసుకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుపోతా!"

పూర్ణచంద్రరావుగారు రిసీవరు పెట్టేసి, నిమ్మకు నీరెత్తినట్టు బీరువా వెనక్కి వెళ్ళిపోయారు. ఇక ఈయన్ని నమ్ముకుంటే లాభం లేదనుకుంది హిమబిందు. ఆదివారం తనొక్కతే వెళ్ళి మూడుపాయల మలుపు దగ్గర సరిగ్గా కొలుచుకొచ్చి, సోమవారం కాంతారావుగారికి తనే చూపించేస్తుంది. నిర్ణయం జరిగిపోయింది.

ఆదివారం దుర్గారావు పడవలో వెళ్తే, మలుపు దగ్గర మీటరు గిన్నెలు అదేపనిగా తిరుగుతున్నాయి. హిమబిందు సంబరం పట్టలేకపోతోంది. వలల దగ్గర తాటిదోనెలో ఒకావిడ చేపలు బుట్టలో వేసుకుంటూ ఈవిడ వంకే చూస్తోంది.

"ఏందమ్మాయిగారూ, అది పిల్లలాడుకునేదా?" అని పలకరించింది.

"గాలి కొలిచేదమ్మా. ఇక్కడ స్తంభం పాతుతాం."

ఆవిడ చేతిలో చేప బుట్టలో పడలేదు, దోనెలో పడింది. "ఇక్కడా? ఎప్పుడు?"

"వెంటనే. వచ్చేవారమే మొదలుపెడతారేమో."

ఆవిడ పేరు ఎల్లమ్మ. కొంగలంకే. దోనెని దగ్గరకి తోసుకొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "ఈ మలుపు మా లంక అందరిదీనమ్మా. కొల్లేట్లో చేపంతా ఈ దారినే పోద్ది. అందుకని ఎవరూ కొట్టుకోకుండా వంతులేసుకున్నాం. ఏటా అమ్మోరు పెద్దింట్లమ్మకి దణ్ణం పెట్టి గవ్వలేస్తారు. ఎవరి పేరొస్తే ఆ ఏడు వాళ్ళే ఇక్కడ వల కట్టాలి. ఒకసారొచ్చినోళ్ళకి అందరి వంతులూ అయ్యేదాకా మళ్ళీ రాదు. మా ఆయన బతికుండగా ఒక్కసారొచ్చింది. ఆయన పోయాక ఇదే రావడం. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గేదాకా నాది. ఈ దోనె అద్దెదమ్మా. ఈ వంతుతో సొంత దోనె చేయించుకుందామనుకున్నాను."

"స్తంభం పాతితే?"

"దబదబా గుంజలు దిగ్గొడతంటే చేప నిలబడుద్దా తల్లీ? బెదిరిపోయి ఈ ఏడంతా ఇంకో దారి పట్టుద్ది. నా వంతు నీళ్ళల్లో కలిసిపోద్ది."

హిమబిందు వెదురు తడికల వంక చూసింది. ఎల్లమ్మే మళ్ళీ అంది. "ఆ తువ్వాలయ్యగారు ఇక్కడ గాలి బాగోదన్నారే? దీపావళప్పుడు మొదటిసారి వచ్చినప్పుడు ఈ తడికలెవరివి, ఎన్నాళ్ళుంటాయి అని అడిగి తెలుసుకున్నారు. అప్పటి నుంచి ఎప్పుడొచ్చినా బాగాలేదనే వెళ్ళిపోతారు. పాపం, మంచాయనే గానీ, గాలి సంగతి బొత్తిగా తెలవదనుకుంటా!"

హిమబిందు పడవలో చతికిలబడింది. గిన్నెలు తిరుగుతూనే ఉన్నాయి, అంకె చూడలేదు. ఇన్నాళ్ళూ ఆయన లేచిన సీట్ల దగ్గర గాలి మాత్రమే కొలిచింది. ఆ సీట్లో తర్వాత ఎవరు కూర్చున్నారో ఒక్కసారైనా చూస్తే కదా! పాసింజరులో చంటిపిల్ల తల్లి. అవనిగడ్డలో చేతికర్ర ముసలాయన. ఆఫీసులో, చెమటతో తడిసి ముద్దై వచ్చిన తను. 'నా తెలివి తెల్లారినట్టే ఉంది' అని పైకే అనుకుంది. దుర్గారావు వినపడనట్టు గెడ వేశాడు. తిరుగుదారిలో గుడివాడ సెలూన్ దగ్గర ఆగి, "ఆ రోజు ఫ్యాను కుర్చీలో తర్వాత ఎవరు కూర్చున్నారు?" అని అడిగితే, జీవానందం బుర్ర గోక్కున్నాడు. "ఎవరో కుర్రాడండీ. జ్వరం వచ్చి తగ్గినవాడు. ఉక్కకి తూలిపోతున్నాడు. ఏం?"

"ఏం లేదు" అంది హిమబిందు.

సోమవారం పొద్దున పాసింజరులో ఆయనకి ఎదురుగా కూర్చుని సూటిగా అడిగేసింది. "సార్, మూడుపాయల మలుపు ఎల్లమ్మ వంతు అయ్యేదాకా ఆపుదామని చూస్తున్నారు కదూ?"

"ఎల్లమ్మా? ఎవరావిడ? అక్కడ నాకు గాలి పడదు."

"మీటరు చూపిస్తోంది సార్."

"మీటరు పరాయిదేశం నుంచి వచ్చింది. కొల్లేటి గాలి దానికేం తెలుసు?" అని తువ్వాలు తియ్యబోయారు. హిమబిందు తువ్వాలు రెండో కొస పట్టుకుంది.

"చెబితేగానీ వదలను సార్. చంటిపిల్ల తల్లికి సీటిస్తే సీటిచ్చానని చెప్పొచ్చు కదా? ఈ గాలి నాటకమెందుకు?"

ఆయన చుట్టూ చూశారు. తువ్వాలు ఇద్దరి మధ్యా ఉయ్యాలలా వేలాడుతోంది. తప్పించుకునే దారి లేదు. "నీకు తెలియదమ్మాయ్. సీటిచ్చామనుకో, థాంక్సంటారు. అక్కడితో ఊరుకోరు. తర్వాత దారి పొడుగునా మన మొహం చూసి నవ్వుతుంటారు. మనమూ నవ్వాలి. గుడివాడ నుంచి బందరు దాకా నవ్వుతూ ప్రయాణం చెయ్యడం ఎంత కష్టమో ఎప్పుడైనా చేసి చూశావా? అదే గాలి బాగాలేదన్నామనుకో, ‘పిచ్చిమనిషి’ అనుకుని మొహం తిప్పుకుంటారు. ఇద్దరికీ సుఖం."

"మరి నా ఉద్యోగం సార్? ఇవాళ చోటు చూపించకపోతే తాళమే కదా!"

ఆయన మొహంలో మొదటిసారి రంగు మారింది. "దానికే నిన్నటి నుంచి ఆలోచిస్తున్నా" అన్నారు మెల్లగా. "ఏమీ తోచలేదు. నీకేమైనా తోచిందా?"

హిమబిందు తువ్వాలు వదిలేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తోచింది. తోచినదానికే భయమేసింది.

కాంతారావుగారు భారీ మనిషి. ఆయన ఒక పక్క కూర్చునేసరికి పడవ ఆ పక్కకి ఒరిగిపోయింది. దుర్గారావు హడావిడిగా పూర్ణచంద్రరావుగారిని రెండో పక్క కూర్చోబెట్టి, "మీరు కదలకూడదయ్యగారూ, బరువు సరిపోవాల" అని కట్టడి చేశాడు. తిన్నగా మూడుపాయల మలుపు దగ్గరకి తీసుకెళ్ళమంది హిమబిందు. కాంతారావుగారి చేతిలో మ్యాపు గాలికి రెపరెపలాడి చిరిగినంత పనైంది.

"ఇదీ చోటంటే! ఏవయ్యా పూర్ణచంద్రరావ్, దీన్నెందుకు వద్దన్నావ్?"

"అబ్బే, ఇక్కడ గాలి..." అంటూ ఆయన తువ్వాలు మీద చెయ్యి వేశారు.

"గాలి చాలా బాగుందండీ" అంది హిమబిందు. "కొల్లేట్లో ఇంతకన్నా మంచి చోటు లేదు."

పూర్ణచంద్రరావుగారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. అవతల ఎల్లమ్మ వల లాగడం ఆపి ఇటే చూస్తోంది. హిమబిందు మాత్రం ఆగలేదు.

"కానీ ఈ చోటు ఖాళీగా లేదండీ."

"నీళ్ళు ఖాళీగా లేకపోవడమేమిటమ్మా?"

"ఈ ఏడు ఇది ఎల్లమ్మగారి వంతు" అని గవ్వల సంగతి, దోనె సంగతి, బెదిరిపోయే చేప సంగతి అన్నీ చెప్పేసింది. "ఏప్రిల్ ఆఖరుదాకా ఆగుదామండీ. అప్పటికి నీళ్ళు మోకాలిలోతుకి వస్తాయి, గుంజలు దిగ్గొట్టడం మనకీ తేలిక. మే నెలలో స్తంభం లేపుదాం. జూన్ గాలి మనకి తప్పిపోదు. అలాక్కాదంటే... మీ ఇష్టమండీ. నేను మాత్రం ఇవాళే పాతమని చెప్పలేను."

చెప్పేసి తల వంచుకుంది. వాళ్ళ నాన్న మొహం కళ్ళముందు మెదిలింది. ఏడుపొకటే తక్కువ.

కాంతారావుగారు పూర్ణచంద్రరావుగారి వైపు తిరిగారు. "ఈ సంగతి నీకు తెలుసా?"

"తెలుసండి."

"ఎప్పటినుంచి?"

"దీపావళి నుంచండి."

"ఏడిసినట్టే ఉంది!" అని కాంతారావుగారు తొడమీద చరుచుకున్నారు. పడవ ఊగింది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు, వినలేదా? రెండు నెలలు ఆగమంటే ఆగనా? నేనేమన్నా రాక్షసుణ్ణా? నువ్వేమో తువ్వాలు ఊపుకుంటూ కూర్చున్నావు. నీకు గాలి సంగతే తెలియదని, నిన్ను తీసేసి ఇంకొకణ్ణి వేద్దామని వచ్చానయ్యా నేను! ఈ అమ్మాయి నోరు విప్పింది కాబట్టి బతికిపోయావు." ఊపిరి పీల్చుకుని హిమబిందు వైపు చూశారు. "ఆగుదాం. కానీ మే ఆఖరుకి స్తంభం లేవకపోతే మీరిద్దరూ నా కంటపడొద్దు. లేచిందా, నీ ఆర్డరు నేనే తెచ్చిస్తా."

నీళ్ళమీద మాట ఎంత దూరమైనా వినపడుతుంది. ఎల్లమ్మ అన్నీ విన్నది. దోనె తోసుకుంటూ నేరుగా ఇటే వస్తోంది. ఆవిడ మొహం చూడగానే పూర్ణచంద్రరావుగారికి సంగతి అర్థమైపోయింది. గభాల్న లేవబోయారు.

"కూర్చోండయ్యగారూ!" దుర్గారావు కేకేశాడు. "మీరు లేస్తే పెద్దయ్యగారు నీళ్ళల్లో ఉంటారు!"

"కదిలావంటే చంపుతా!" అని కాంతారావుగారు పడవ అంచు రెండు చేతులా పట్టుకున్నారు.

పూర్ణచంద్రరావుగారు నాలుగువైపులా చూశారు. నాలుగువైపులా కొల్లేరే. కూలబడ్డారు. ఎల్లమ్మ దోనె పడవకి ఆనించి, ఆయన ఎదురుగా నిలబడింది.

"మీకు గాలి సంగతి తెలవదని మా లంకంతా నవ్వుకున్నామయ్యా" అంది. "నేనూ నవ్వాను. ఈ ఏడు నా ఇల్లు నిలబెట్టింది మీరేనని అనుకోలేదు." అని బుట్టలోంచి బతికున్న కొర్రమీను ఒకటి తీసి, ఆయన వద్దనేలోపే ఒళ్ళో పెట్టేసింది. అది టపటపా కొట్టుకుంటే ఆయన రెండు చేతులా దాన్ని ఒడిసిపట్టుకున్నారు. మొహమంతా కందగడ్డలా ఎర్రబడింది. కదలడానికి లేదు, తువ్వాలు తియ్యడానికి చేతులు ఖాళీ లేవు.

"మంచిదమ్మా" అన్నారు చివరికి, పీలగొంతుతో. "చల్లగా ఉండు." ఆ మాట అంటుండగానే ఆయనకి నవ్వొచ్చింది. ఎల్లమ్మ నవ్వింది. హిమబిందు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

కాంతారావుగారు మాత్రం పడవ అంచు వదలకుండానే ఆ కొర్రమీను వంక గుర్రుగా చూశారు. "బాగుందమ్మా వరస! రెండు నెలలు ఆగుతానన్నది నేనైతే, చేప ఆయనకా?"

ఎల్లమ్మ గెడ నీళ్ళలో వేసి దోనె తిప్పుకుంటూ చెప్పింది.

"మీకు మే నెలలో పెడతానయ్యా, స్తంభానికి వస్తారుగా. నా సొంత దోనెలో తెచ్చిపెడతాను."